చేతులమాస్టారు ఎందుకు చెడ్డవాడయ్యాడు

మొన్నమొన్నటిదాకా నన్ను చూసిన ప్రతివాడూ ఒకటే ప్రశ్న అడిగేవాడు. పళ్ళ డాక్టరైతే నా నోట్లో పట్టకారు పెట్టి, పన్ను బిగించి పట్టుకుని మరీ అడిగాడు: "ఇంతకీ చేతులమాస్టారు ఎందుకండీ అలా అయిపోయాడు?" నోట్లో పట్టకారు ఉన్నవాడు ఏం చెప్తాడు? "ఆ... ఆ..." అన్నాను. ఆయన అదే జవాబనుకుని, "నేనూ అదే అనుకున్నానండీ" అంటూ పన్ను పీకేశాడు.

మాస్టారి సంగతి తెలియనివాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళ కోసం రెండు ముక్కలు. మా వారపత్రికలో పంతొమ్మిదేళ్ళుగా వస్తున్న బొమ్మల కథలో ఆయన విలన్. హీరో పేరు తూనీగ. వీపున రెక్కలుంటాయి, మంచివాడు, ఎవరికీ పట్టడు. పిల్లలు నోటు పుస్తకాల అట్టల మీద వేసుకునేది మాస్టారినే. పొడుగాటి మనిషి, మెడదాకా గుండీలు పెట్టిన కోటు, గుండ్రటి కళ్ళద్దాలు, ఎప్పుడు చూసినా వెనక్కి కట్టుకున్న చేతులు. ఆయన ఊళ్ళో గడియారాలన్నీ ఆపేశాడు. నదిని వెనక్కి నడిపించాడు. ఒకసారి ఏడాది పొడుగునా పరీక్షలే పెట్టించాడు. ఇవన్నీ చేతులు ముందుకు తీయకుండానే చేశాడు. మీటలు మోచేత్తో నొక్కుతాడు, తలుపులు భుజంతో తోస్తాడు, ఫోనెత్తాలంటే అనుచరుణ్ణి పిలుస్తాడు. చేతులు ముందుకు తెస్తే ఏమవుతుందోనని చదివేవాళ్ళకు హడలు.

ఆయన మాటలు రాసేది నేను. బొమ్మలు వేసేది మా బావ, అంటే మా అక్క మొగుడు. ఆఫీసులో ఆయన్ని అందరూ బొమ్మలాయన అంటారు. మాస్టారు ఎందుకు చేతులు దాచుకున్నాడో భూమ్మీద ముగ్గురికే తెలుసు. నాకు, బావకు, అక్కకు. కారణం చెప్తే మీకు నీరసం వస్తుంది. మా బావకు చేతులు వేయడం రాదు.

నిజంగానే రాదు. గుర్రాన్ని వేయమనండి, కాగితం మీంచి దూకుతుంది. వాన వేయమనండి, గొడుగు వెతుక్కుంటాం. మనిషి ముఖంలో అసూయ వేయమంటే నా ముఖం ఒకసారి చూసి వేసేస్తాడు. మణికట్టు దాటితే మాత్రం ఆయన బ్రష్షు నడవదు. అందుకని ఆయన బొమ్మలన్నీ మణికట్ల దగ్గర ఆపేసి, కాగితాలు భోజనాల బల్ల మీద పెట్టేవాడు. అక్క వంటిల్లు సర్దుకుని వచ్చి, కొంగుతో బల్ల తుడిచి, చేతులు వేసేది. పెళ్ళికి ముందు అక్క బళ్ళలో గోడలకు తగిలించే చార్టులు వేసే చోట పనిచేసింది. మనిషి చేతిలో ఇరవయ్యేడు ఎముకలుంటాయని ఆమెకు నోటికి వచ్చు. ఎడమ చెయ్యి తనదే చూస్తూ వేసేది. కుడి చెయ్యి కావాలంటే బీరువా అద్దం ముందు కూర్చుని, అద్దంలో ఎడమ చెయ్యి చూస్తూ వేసేది. తూనీగ పిడికిలి, వాళ్ళమ్మ గరిటె పట్టుకునే తీరు, పోలీసాయన గడ్డం గోక్కోవడం, అన్నీ మా అక్క చెయ్యే.

పత్రిక మొదలైన ఏడాది, ఒక మధ్యాహ్నం ప్రెస్సు ఓనరు ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చుని పేజీలు తిరగేస్తూ, "ఏమైనా మీ చేతులు మాట్లాడతాయండీ" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. బావ ఒక్క నిమిషం ఊరుకుని ఉంటే సరిపోయేది. ఊరుకోలేదు. పొగడ్తకు ఉబ్బిపోయి, పైగా వినయం కూడా చూపించాలనుకుని, "చేతులదేముందండీ, చివర్లో అలా పడేస్తే పడిపోతాయి. ఎవరైనా వేస్తారు" అన్నాడు. అప్పుడే అక్క టీ తీసుకొచ్చింది. కప్పులు బల్ల మీద పెట్టింది, ఒక్క చుక్క ఒలకలేదు. అది చూసి నాకు భయం వేసింది.

రెండు వారాలు ఆమె బ్రష్షు ముట్టలేదు. "ఎవరైనా వేస్తారన్నారుగా, వాళ్ళతో వేయించుకోండి" అంది. బావ బతిమాలాడు, అలిగాడు, అన్నం మానేశాడు, ఆకలేసి మళ్ళీ తిన్నాడు. ఆ వారం కథలో తూనీగకు చదువు చెప్పడానికి లెక్కల మాస్టారు రావాలి. బంగారంలాంటి మనిషిగా రాశాను నేను. తూనీగకు తండ్రి లేని లోటు తీర్చాలని నా ఆలోచన. బావ ఏం చేశాడంటే, తూనీగ చేతులు జేబుల్లో పెట్టాడు, వాళ్ళమ్మను తలుపు చాటున నిలబెట్టాడు, లెక్కల మాస్టారి చేతులు వెనక్కి కట్టేశాడు. పత్రిక అచ్చుకు వెళ్ళిపోయింది.

తర్వాతి వారం బస్తా నిండా ఉత్తరాలు. ఆ మాస్టారు వెనకాల ఏం దాచాడు? కత్తి అని కొందరు, ప్రశ్నపత్రం అని కొందరు. ఒకమ్మాయి "ఆయన చేతులే వేరేవాళ్ళవి" అని రాసింది. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో గానీ, మా అందరికంటే తెలివైనది. ఓనరు సంబరపడిపోయి, "వాణ్ణి విలన్ని చేసెయ్యండి" అన్నాడు. చేసేశాను. మూడు వారాలు తిరిగేసరికి బంగారంలాంటి మనిషి వంతెన పేల్చేశాడు.

అక్క మళ్ళీ చేతులు వేయడం మొదలుపెట్టింది. మొగుడి మీద జాలితో కాదు, పని మీద జాలితో. కిటికీ చువ్వ పట్టుకుని వేలాడే తూనీగను బావ సొంతంగా వేస్తే, ఆ చెయ్యి చూసి ఊరుకోలేక ఆమే బ్రష్షు అందుకుంది. కానీ ఒక్క మాట అంది. "అందరివీ వేస్తాను. ఆ మాస్టారివి వేయను. ఆయన మీ సొంతం." అప్పటినుంచీ దాదాపు వెయ్యి సంచికలు, చేతులు వెనక్కే. పేజీలో మాత్రం "బొమ్మలు" అన్నచోట బావ పేరు ఒక్కటే. నా పేరు "మాటలు" అన్నచోట. అక్క పేరు ఎక్కడా లేదు. నేను ఎప్పుడూ అడగలేదు. అడగాలని తోచలేదంటే అబద్ధం, తోచింది, వాయిదా వేశాను.

ఇక నా పని గురించి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. బొమ్మల్లో మనుషుల నోటి దగ్గర మాటల బుడగలుంటాయి చూడండి, అవి నా ఇలాకా. బావ తొందరలో తప్పులు వేసేవాడు. మళ్ళీ వేయడానికి టైముండేది కాదు. అప్పుడు నేను బుడగలో మాట మార్చేవాణ్ణి. తూనీగ చెప్పులు ఒక గడిలో నల్లగా, పక్క గడిలో తెల్లగా ఉన్నాయా? "అర్రే, తొందరలో అన్నయ్య చెప్పులేసుకొచ్చాను!" బల్లకు మూడు కాళ్ళే ఉన్నాయా? "జాగ్రత్త, దాని కాలు నిన్ననే విరిగింది." ఒకసారి ఇంటికి రెండు వైపులా రెండు కిటికీల్లోనూ చంద్రుడు కనిపించాడు. "మాస్టారు ఇంకో చంద్రుణ్ణి తయారుచేశాడ్రోయ్!" అని రాశాను. దాని మీద ఆరు వారాల కథ నడిచింది, దానికి మంచి పేరొచ్చింది. తప్పు కనబడితే చాలు, నా పెన్సిలు దానంతటది లేచేది. మా ఆవిడ కూరలో ఉప్పు ఎక్కువేస్తే, ఆ తప్పును మాటతో కప్పెయ్యడానికి తయారైపోయేవాణ్ణి.

పోయిన ఏడాది కొత్త ఎడిటరమ్మ వచ్చింది. ముప్ఫై దాటి ఉండదు, చిన్నప్పటినుంచీ మాస్టారంటే పిచ్చి. "వెయ్యో సంచికలో ఆయన ఎందుకు చెడ్డవాడయ్యాడో చెప్పాలి రచయితగారూ" అంది. సరేనని కారణాలు పట్టుకెళ్ళాను. చిన్నప్పుడే తల్లి పోయిందన్నాను. "మన పత్రికలోనే ముగ్గురు విలన్లకి తల్లులు పోయారండీ, ఇంక చంపకండి" అంది. ప్రేమించినమ్మాయి ఇంకొకణ్ణి చేసుకుందన్నాను. "ఆ కోటుతో ప్రేమా?" అని నవ్వింది. హెడ్మాస్టరు ప్రమోషన్ రాలేదన్నాను. దానికి మాత్రం కాసేపు ఆలోచించింది. "ఇది నేను నమ్ముతానండీ. పిల్లలకే అర్థం కాదు" అంది.

చివరికి తనే తేల్చేసింది. "పంతొమ్మిది పేజీలు ఆయన చిన్నతనం నడిపించండి. ఇరవయ్యో పేజీలో ఒకటే బొమ్మ. మాస్టారు చేతులు ముందుకు తీస్తాడు. ఆ చేతులు చూడగానే కారణం తెలిసిపోవాలి." పక్కనున్న బావ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

పంతొమ్మిది పేజీలూ మణికట్ల దాకా తయారయ్యాక, ఒక ఆదివారం అక్క ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం. బావ గొంతు సవరించుకుని సంగతి చెప్పాడు.

"వేస్తాను" అంది అక్క.

బావ ముఖం వెలిగిపోయింది.

"కవరు మీద మీ పేరు కింద నా పేరు వేయించండి. బొమ్మలు మీవి, చేతులు నావి. అక్షరాలు చిన్నవైనా ఫరవాలేదు."

"ఇన్నేళ్ళ తర్వాతా? నాకు చేతులు వేయడం రాదని అందరికీ తెలియాలా?"

"రాదుగా."

"రాదనుకో. కానీ..." బావ నీళ్ళు నమిలాడు. "నవ్వుతారే. ఈ వయసులో నన్ను చూసి నవ్వుతారు. ఇంకేదైనా అడుగు."

"పంతొమ్మిదేళ్ళలో ఇంకేదైనా అడిగానా?"

బావ నావైపు చూశాడు. నేను పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాను.

"అయితే మీరే వేయండి" అంది అక్క, కోపం ఏమీ లేకుండా. "మిగతా పంతొమ్మిది పేజీల్లో అందరి చేతులూ వేసిస్తాను. ఎప్పటికంటే బాగా వేస్తాను. ఆ చివరిది మీరు వేయండి."

నేను చెప్పులేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చింది. గొంతు తగ్గించి, "ఒరేయ్, నువ్వు మధ్యలో దూరకు" అంది.

"నేనేం చేశానే?"

"చెయ్యకముందే చెప్తున్నా. నా చేతులూ ఆయన చేతులూ ఒకే పుస్తకంలో పక్కపక్కన ఉంటే చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది, ఇవి ఒక మనిషి వేసినవి కావని. ఆ ఎడిటరమ్మాయి అడుగుతుంది, ఇన్నాళ్ళూ వేసిందెవరని. అడిగితే ఆయన చెప్పక చస్తాడా? ఒక్కసారి ఆయన నోటితో చెప్పాలిరా. నా పేరు పేపర్లో పడకపోయినా సరే, ఒక్క మనిషి ముందు చెప్తే చాలు. నువ్వు నోరు మూసుకుని కూర్చో. మాటివ్వు."

"ఇచ్చాను పో" అన్నాను. మనస్ఫూర్తిగానే ఇచ్చాను. దారంతా అక్క మీద గర్వంగా కూడా అనిపించింది. ఇంత చిన్న కోరికను ఇన్నేళ్ళు ఎలా మోసిందా అని కళ్ళు చెమ్మగిల్లాయి. అటువంటి సమయాల్లో నా కళ్ళు చాలా తేలిగ్గా చెమ్మగిల్లుతాయి.

ఆ మంగళవారం పన్నెండింటికి పేజీలు ప్రెస్సుకెళ్ళాలి. పదకొండున్నరకు బావ ఇరవయ్యో పేజీ తెచ్చి ఎడిటరమ్మ బల్ల మీద పెట్టాడు. రెండు రోజుల్లో సగం మనిషైపోయాడు. వేళ్ళ నిండా సిరా.

చూశాను. మాస్టారి ముఖం అద్భుతం. పంతొమ్మిదేళ్ళ బెంగ అంతా ఆ కళ్ళద్దాల వెనక ఉంది. కింద చేతులున్నాయి. ఒక చేతికి బొటనవేలు అవతలివైపు మొలిచింది. రెండో చేతికి వేళ్ళు లెక్కపెట్టాను, ఆరొచ్చాయి, మళ్ళీ లెక్కపెడితే ఐదున్నర వచ్చాయి. గీతలు వణికి, చెరిగి, మళ్ళీ వణికి, పిండి ఆరేసిన గుడ్డల్లా ఉన్నాయి. పక్కనే పంతొమ్మిదో పేజీ. అందులో ఒక ముసలి టీచరమ్మ చిన్నప్పటి మాస్టారి తల నిమురుతోంది. ఆ చేతిని చూస్తే మన తల ఎవరో నిమిరినట్టుంటుంది. అన్న మాట ప్రకారం అక్క ఎప్పటికంటే బాగా వేసింది.

ఎడిటరమ్మ పంతొమ్మిదో పేజీ చూసింది. ఇరవయ్యోది చూసింది. మళ్ళీ పంతొమ్మిదోది చూసింది. తల ఎత్తింది.

"ఏంటండీ ఇవి?" అంది. "ఇవి మీరేనా వేసింది?"

బావ నుదుటి మీద చెమట పట్టింది. ఆయన పెదవులు కదిలాయి. చెప్పబోతున్నాడు, నాకు తెలుసు. మా బావ పిరికివాడే గానీ అబద్ధాలకోరు కాదు, నిలదీసి అడిగితే చెప్పేస్తాడు. ఇంకొక్క క్షణం ఆగితే అక్క కోరుకున్న మాట ఆ గదిలో పడేది.

బొమ్మలో బుడగ ఖాళీగా ఉంది. చివరి బుడగ బొమ్మ వచ్చాకే రాస్తాను నేను. నా చేతిలో పెన్సిలుంది. ఎప్పుడు వంగానో, ఎప్పుడు రాశానో తెలియదు. రాశాక చదువుకున్నాను.

"నన్ను రోజూ బోర్డు దగ్గరికి పిలిచేవారు. సుద్దముక్క పట్టుకోగానే ఈ చేతుల్ని చూసి క్లాసంతా నవ్వేది. అప్పుడు దాచుకున్నాను. చూడండి, ఇప్పుడు నవ్వండి."

ఎడిటరమ్మ చదివింది. "అయ్యో" అంది. "అందుకా! పాపం, అందుకా!" కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఎలా వేశారండీ ఈ చేతులు? ఇన్నేళ్ళు ఎంత చక్కటి చేతులు వేసి, ఆఖరికి ఈయన చేతులు ఇలా... నాకు మాటలు రావడం లేదు."

బావకు కూడా రాలేదు. తెరిచిన నోరు నెమ్మదిగా మూసుకున్నాడు. పేజీలు పన్నెండింటికి ప్రెస్సుకెళ్ళాయి.

తర్వాతది మీకు తెలిసే ఉంటుంది. సంచిక ఒక్కరోజులో అయిపోయింది, మళ్ళీ అచ్చు వేశారు. పళ్ళ డాక్టరు ఫోన్ చేసి ఏడ్చాడు. ఒక విమర్శకుడు ఆ వంకర వేళ్ళ మీద రెండు పేజీలు రాశాడు. తనకు వచ్చిన విద్యనంతా మరిచిపోయి గీయగలగడమే మహా కళాకారుడి లక్షణమట. చిత్రకారుల సంఘంవాళ్ళు బావకు శాలువా కప్పి, చివరి పేజీని పెద్దదిగా చేయించి అద్దం కట్టి ఇచ్చారు. బావ దాన్ని ఇంటికి తెచ్చి, ఎక్కడ తగిలించాలో తెలియక, గోడకు తిప్పి పెట్టాడు.

ఆ వారం పేజీలు భోజనాల బల్ల మీద ఉన్నవి ఉన్నట్టే ఉండిపోయాయి. అక్క వాటిని ఒక పక్కకు జరిపి అన్నం వడ్డించింది. దాంతో వెయ్యిన్నొకటో సంచికలో తూనీగ చేతులు వెనక్కి వెళ్ళాయి. వాళ్ళమ్మ చేతులు, పోలీసాయన చేతులు, దారినపోయేవాళ్ళ చేతులు కూడా. ప్రతి గడిలో ప్రతివాడూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఎడిటరమ్మ నావైపు చూసింది. "మాస్టారి బాధ అర్థమై ఊరంతా ఆయనలాగే నడుస్తోంది" అని బుడగలో రాశాను. ఆమె చప్పట్లు కొట్టింది. ఎన్ని వారాలైనా నడుస్తుంది ఇది అంది.

అప్పుడు సిగ్గేసింది నాకు. వెయ్యో సంచికప్పుడు వేయలేదు, అప్పుడు గర్వపడ్డాను కూడా. ఇప్పుడు మాత్రం తల ఎత్తలేకపోయాను. తిన్నగా అక్క ఇంటికెళ్ళాను. బావ లేడు. అక్క బల్ల దగ్గర కూర్చుని వెయ్యో సంచిక చదువుతోంది. అప్పుడే మొదటిసారి చదువుతోందని నాకు తర్వాత తెలిసింది. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. చివరి పేజీ దాకా చదివింది.

"బాగా రాశావురా" అంది. "నాకే ఏడుపొచ్చింది."

"అక్కా..."

"నిజంగా. ఆ మాట లేకపోతే ఆ బొమ్మ ఎందుకూ పనికొచ్చేది కాదు." పుస్తకం మూసింది. "ఎందుకు రాశావు?"

బావ పరువు అన్నాను. ఆమె వింటూ ఊరుకుంది. పత్రిక ఆగిపోతుందేమో అన్నాను. ఊరుకుంది. పంతొమ్మిదేళ్ళ అలవాటే, తప్పు కనబడితే చెయ్యి ఆగదు అన్నాను. అప్పటికీ ఊరుకుంది. ఇక మిగిలింది నిజమే. ఆయన నోరు విప్పితే, నువ్వు తెలిసీ ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని ఆ అమ్మాయి తర్వాత నన్నే అడిగేది. దానికి నా దగ్గర జవాబు లేదు. అది కూడా చెప్పేశాను, ఆమె ముఖం చూడకుండా.

అక్క లేచి, వెయ్యో సంచిక నా చేతిలో పెట్టింది.

"మీ మాస్టారే నయంరా తమ్ముడూ" అంది. "ఆయన తన చేతులు దాచుకున్నాడు, అంతేగా."